ప్రశ్న గుర్తు పెట్టిన వాక్యం

విజయనగరం
18 ఆగస్టు 2024

అత్తకి,

మహతి రాస్తున్నాను. ఒంట్లో బాగానే ఉంది. కోపంగా ఉంది, అంతే. ఫోను చేద్దామంటే ఇక్కడ ఆదివారం ఒక్కరోజే, అదీ వార్డెన్ ధనలక్ష్మి మేడం గదిలో, అమ్మతోనో నాన్నతోనో మాత్రమే. వెనక నిలబడ్డవాళ్ళు తొందరగా కానిమ్మని వీపు మీద పొడుస్తుంటారు. నీకు చేయనిచ్చినా నీ కుడి చెవి వినపడదు, ఎడమ చెవికి ఫోనంటే నమ్మకం లేదు. సగం విని మిగతా సగం ఊహించుకుంటావు. ఇది సగం వింటే అర్థమయ్యే సంగతి కాదు.

మొన్న యూనిట్ టెస్టు ఇంగ్లీషు పేపర్లో కొన్ని వాక్యాలిచ్చి, ఏది ఏ రకమో గుర్తించమన్నారు. నాలుగు రకాలూ వేసవి సెలవుల్లో నువ్వు నేర్పినవే. విషయం చెప్పేది డిక్లరేటివ్, అడిగేది ఇంటరాగేటివ్, ఆజ్ఞ ఇచ్చేదో బతిమాలేదో ఇంపరేటివ్, ఆశ్చర్యపోయేది ఎక్స్‌క్లమేటరీ. అన్నీ చకచకా రాసేశాను. చివరిది 'విల్ యూ స్టాప్ టాకింగ్?' అని ఉంది. పక్కన ఇంత ప్రశ్న గుర్తు. ఇంటరాగేటివ్ అని రాశాను. దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి పైన ఇంపరేటివ్ అని రాశారు.

పోయింది ఒక్క మార్కే. కాని ఇక్కడ ఏడాది మొత్తానికీ సెక్షన్లు ఈ టెస్టుతోనే మారుస్తారు. ఆ ఒక్క మార్కుతో నేను ఎ నుంచి బి లో పడ్డాను. బెంచీ మీద నా పక్కన కూర్చునే పద్మకుమారి ఎ లోనే ఉంది. ఇప్పుడు దాన్ని భోజనాల దగ్గర తప్ప చూడను. బి వాళ్ళకి లైబ్రరీ కూడా లేదు. ఎండబెట్టిన బట్టల పక్కన రేకుల షెడ్డులో చదువుకోవాలి, వాన పడితే ఒకరి మాట ఒకరికి వినపడదు.

పేపరు దిద్దింది సుహాసిని మిస్. జూన్‌లో కొత్తగా వచ్చారు. గజపతినగరం దగ్గర రైతుల ఇంటి అమ్మాయి. 'చూడండి' అనడానికి 'సూడండి' అంటారని కొందరు వెనక నవ్వుతారు. నేను నవ్వను. ఇన్నాళ్ళలో పాఠం ఇంత బాగా చెప్పినవాళ్ళు లేరు. అందుకే ఇంకా కోపం వచ్చింది. పేపరు పట్టుకుని వెళ్ళి అడిగాను. మిస్ ఆ వాక్యం మీద వేలు పెట్టి చదువుకున్నారు. తరువాత, "అది అడగడం కాదమ్మా, ఊరుకోమని సెప్పడం" అన్నారు. ప్రశ్న గుర్తు ఉంది కదా మిస్ అన్నాను. "ఉన్నాది. ఇంక దీని గురించి మాటాడకు" అన్నారు.

నువ్వు ఇంగ్లీషు చెప్పి రిటైరైనదానివి. ఎవరిది ఒప్పో రాయి. నాకు అది తెలిస్తే చాలు.

కోపంగా ఉన్న,
మహతి


పొందూరు
24 ఆగస్టు 2024

చిరంజీవి మహతికి, మేనత్త ప్రసూనాంబ పొందూరు నుంచి.

నీ ఉత్తరం బుధవారం అందింది. చదివాను, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. నీదే ఒప్పు. అనుమానం పెట్టుకోకు.

వాక్యం ఏ రకమో దాని కట్టుబడి చెబుతుంది. 'యూ విల్ స్టాప్' అంటే కర్త ముందు, సహాయక్రియ తరువాత. అది డిక్లరేటివ్. 'విల్ యూ స్టాప్' అనగానే సహాయక్రియ ముందుకు వచ్చి కూర్చుంది, చివర ప్రశ్న గుర్తు పడింది. ఇంటరాగేటివ్. ఇంపరేటివ్‌లో మామూలుగా కర్త బయటికి కనిపించదు, క్రియతోనే మొదలవుతుంది. 'స్టాప్ టాకింగ్' అంటే అది. అన్నవాడి మనసులో ఆజ్ఞ ఉందా, వేడుకోలు ఉందా అన్నది వేరే సంగతి. మనసులో ఉన్నదాన్ని బట్టి మార్కులు వేస్తామంటే, దిద్దేవాళ్ళకు వ్యాకరణం అక్కరలేదు, జ్యోతిషం రావాలి.

నీ తండ్రి సంగతే తీసుకో. నా తమ్ముడు కనక అంటున్నాను. దీక్షిత్ నా ఇంటికి వచ్చి వీధి గదిలో కూర్చుని "అక్కా, కాఫీ ఉందా?" అంటాడు. అది ప్రశ్న. ఉందిరా అని జవాబు చెప్పి నా పని నేను చూసుకుంటాను. కాసేపు దిక్కులు చూసి, లేచి వెళ్ళి తనే కలుపుకుంటాడు. కాఫీ కావాలంటే ఇమ్మని అడగాలి. మా ఇంట్లో ఇది అందరికీ తెలుసు, మీ నాన్నకి ఒక్కడికే ఇన్నేళ్ళయినా పట్టుబడలేదు.

ఇంగ్లీషు బాగా వస్తుందని అంత దూరం తీసుకెళ్ళి నిన్ను హాస్టల్లో వేశాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పినదాన్ని నేను ఇక్కడ ఖాళీగా కూర్చుని ఉండగా. తాను భావనపాడులో గుడి అర్చకత్వం వదలలేడు, అక్కడ మంచి బడి లేదు, నిజమే. పొందూరులో నా దగ్గర ఉంచొచ్చు కదా అన్నాను. "పిల్ల నీ దగ్గరుంటే వాదించడం తప్ప ఏమీ నేర్చుకోదు" అన్నాడు. నేను మరిచిపోలేదు.

మీ మిస్ ఉచ్చారణ సంగతి నేను పట్టించుకోను. ఈ జిల్లాల్లో నోరున్న ప్రతివాడూ అలాగే అంటాడు. ఆమెకు వాక్యం రూపం తెలియకపోవడం, అడిగిన పిల్లని మాట్లాడకు అనడం, ఈ రెండూ మాత్రం పట్టించుకుంటాను. మీ ప్రిన్సిపాల్‌కు ఇంగ్లీషులో ఉత్తరం రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. మర్యాదగానే రాశాను. సదరు ఉపాధ్యాయినికి వాక్య భేదాలు స్పష్టంగా తెలిసినట్టు లేదని, దయచేసి విచారించి మార్కు సరిచేయమని కోరాను. నీ మార్కు నీకు వస్తుంది. రేకుల షెడ్డు బాధ వదులుతుంది.

ఇక్కడ వానలకి నూలు ఆరక వీధి అంతా విసుక్కుంటోంది. నా చెవి అలాగే ఉంది. సున్నుండలు చేస్తే హాస్టల్లోకి రానిస్తారా?

నీ పక్షాన ఉన్న,
అత్త


విజయనగరం
8 సెప్టెంబరు 2024

అత్తకి,

నేను అడిగింది ఎవరిది ఒప్పు అని. ప్రిన్సిపాల్ గారికి రాయమని అడిగానా?

నీ ఉత్తరం వచ్చిన రోజు నన్ను ఆఫీసు గదిలోకి పిలిపించారు. సుహాసిని మిస్ అప్పటికే అక్కడ నిలబడి ఉన్నారు. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోమనలేదు. ప్రిన్సిపాల్ గారు నీ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా పైకి చదివారు. 'వాక్య భేదాలు తెలిసినట్టు లేదు' అన్న చోట ఆగి మిస్ వైపు చూసి, మళ్ళీ చదివారు. మిస్ నేల చూశారు. ఏమంటారని అడిగితే, కీ ప్రకారమే దిద్దాను సార్ అని మాత్రం అన్నారు. సంజాయిషీ రాసి ఇమ్మన్నారు.

ఆ కీ సంగతి నాకు అప్పుడే తెలిసింది. మా బడికి చాలా ఊళ్ళలో బ్రాంచీలున్నాయి. అన్నిటికీ పేపరూ, జవాబుల కీ హెడ్డాఫీసు నుంచే వస్తాయి. తప్పయినా సరే ఇక్కడివాళ్ళు మార్చడానికి లేదు. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసి లేచానని ధనలక్ష్మి మేడం పిలిచి మిగతాది చెప్పింది. టీచర్ల మీటింగులో సుహాసిని మిస్ లేచి, ఆ వాక్యానికి రెండు జవాబులూ ఒప్పుకోవాలని అడిగారట. కొత్తగా వచ్చిన మనిషివి, నీకెందుకు అని కూర్చోబెట్టారట. "ఆ పిల్ల మీ కోసమే నోరిప్పినాది. మీ ఇంటోలు దాని నెత్తి మీదకే తెచ్చినారు" అంది మేడం.

ఇప్పుడు బి సెక్షన్లో నాతో ఎవరూ మాట్లాడటం లేదు. పాఠం మధ్యలో నేను చెయ్యెత్తితే మిస్ పిలుస్తారు, కాని ఇదివరకులా నవ్వరు. నిన్న చవితి పూజ దగ్గర అందరికీ ప్రసాదం పంచి, నాకూ పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

చాలా బాగుంది అత్తా. ఇంకా ఎవరైనా మిగిలారా? హెడ్డాఫీసు విశాఖపట్నంలో ఉంది. వాళ్ళకీ రాయి. మీ కీ తప్పు, మా మిస్ మీటింగులోనే చెప్పింది, మీరే వినలేదు అని రాయి. నీ ఇంగ్లీషు వాళ్ళు కూడా చూడాలి కదా.

సున్నుండలు వద్దు.

మహతి


పొందూరు
14 సెప్టెంబరు 2024

చిరంజీవి మహతికి,

నీ ఉత్తరం చదివి చాలాసేపు వీధి గదిలోనే కూర్చుండిపోయాను. ఆ అమ్మాయి మీ తరపున మాట్లాడిందని నాకు తెలియదు. తెలిస్తే ఆ వాక్యం అలా రాసి ఉండేదాన్ని కాదు. చేసిన పొరపాటు దిద్దుకోవాలి కదా అనుకుంటూనే, ఎలాగో తోచక ఉంటే, దారి నువ్వే చూపించావు.

నువ్వు చెప్పినట్టే హెడ్డాఫీసుకు రాశాను. చిరునామా కోసం మీ నాన్నకి ఫోను చేస్తే ఎందుకని అడిగాడు. మహతి అడిగింది అన్నాను. ఫీజు రశీదు వెనక చూసి చెప్పాడు. ఈసారి ఆ అమ్మాయిని ఒక్క మాట అనలేదు. పైగా సుహాసిని అన్న ఉపాధ్యాయిని టీచర్ల సమావేశంలో ఈ దోషం ఎత్తి చూపిందని, ఆమె మాట వినకపోవడం సంస్థకే నష్టమని, అటువంటి వారిని గౌరవించాలని రాశాను. కీ ఎలా తప్పో కూడా వివరంగా రాశాను. రూపం ఇంటరాగేటివ్ అయి, ప్రయోజనం ఆజ్ఞ అయినప్పుడు పేపరులో ఏది అడుగుతున్నారో స్పష్టం చేయాలి, లేదా రెండూ ఒప్పుకోవాలి. అంతే కదా. దీనికి ఎవరైనా ఏమని బదులు చెబుతారో చూస్తాను.

నీకు నా మీద కోపం వచ్చిందని తెలుస్తూనే ఉంది. అయినా ఏం చేయాలో తిన్నగా రాశావు, అది నాకు నచ్చింది. మీ నాన్నకి లేని గుణం.

ఎదురింటి లక్ష్మీనరసమ్మ వానలకి నూలు వడకడం మానేసి, రోజూ నా దగ్గరికి వచ్చి కూర్చుంటోంది. ఉత్తరం పెద్దదా అని అడిగింది. పెద్దదే అన్నాను. కాలక్షేపం బాగున్నాది అంది. నాకు ఒళ్ళు మండింది.

దసరాకి భావనపాడు వెళ్ళేటప్పుడు ముందు ఇక్కడ దిగు. రెండు రోజులుండి వెళ్ళు.

అత్త


విజయనగరం
20 అక్టోబరు 2024

ప్రసూనాంబ గారికి,

దసరాకి పొందూరులో ఎందుకు దిగలేదని నాన్నని అడిగారట. దిగాలనిపించలేదు.

సెలవులకి ముందు రోజు సుహాసిని మిస్ బి సెక్షన్‌కి వచ్చి, పాఠం అయిపోయాక పుస్తకం మూసి, "సెలవుల తరవాత నేను రానమ్మా. బాగా సదువుకోండి" అన్నారు. ఎందుకని ఎవరో అడిగారు. ఇంటి దగ్గర పని ఉంది అన్నారు. అబద్ధం. మీ ఉత్తరం చూసి, లోపలి మీటింగు మాటలు బయటి వాళ్ళకి ఎలా తెలిశాయని హెడ్డాఫీసు వాళ్ళు ప్రిన్సిపాల్ గారిని నిలదీశారు. ఆయన సుహాసిని మిస్ పేరు చెప్పారు. మీరు గౌరవించమని రాసిన పేరే. మీటింగు సంగతి నాకు చెప్పింది ధనలక్ష్మి మేడం. ఆమె భయపడి నోరు విప్పలేదు. నేను ఆఫీసుకి వెళ్ళి, మిస్ నాకేమీ చెప్పలేదు సార్ అన్నాను. మరి ఎవరు చెప్పారన్నారు. చెబితే ఇంకొకరి ఉద్యోగం పోతుంది. అక్కడే నిలబడి ఏడ్చాను, అంతే చేయగలిగాను.

హెడ్డాఫీసుకు రాయమని నేను చెప్పలేదు. 'వాళ్ళకీ రాయి' అన్నది రాయమని కాదు. పోస్టు చేసే ముందు ఆ ఉత్తరం పద్మకుమారికి చూపించాను. చదివి, "మీ అత్తని ఇంత గట్టిగా తిట్టావేమిటే" అంది. దానికి అర్థమైంది. ఇంత చదువుకున్న మీకు నేను తిడుతున్నానో చెబుతున్నానో తెలియలేదు.

ఇంక నాకు ఉత్తరాలు రాయొద్దు. ఇది నిజంగా రాయొద్దనే.

దీక్షిత్ గారి అమ్మాయి,
మహతి


పొందూరు
10 నవంబరు 2024

మహతీ,

రాయొద్దన్నావు. ఈసారి అర్థమైంది. అయినా ఈ కబురు నీకు చేరాలి కనక రాస్తున్నాను. ఇష్టం లేకపోతే చించెయ్యి.

దీపావళి వెళ్ళాక గజపతినగరం వెళ్ళాను. పాసింజరులో విజయనగరం దిగి, అక్కడి నుంచి బస్సు. ఊరి పేరు కూడా సరిగ్గా తెలియదు. సంతలో మందుల దుకాణం అతన్ని, విజయనగరంలో ఇంగ్లీషు చెప్పే సుహాసిని ఇల్లు ఎక్కడ అని అడిగాను. "సెప్పేది. ఇప్పుడు మానీసినాది" అని దారి చూపించాడు. ఆ మాట దగ్గరే వెనక్కి వచ్చేద్దామనిపించింది. ఆటో ఎక్కాను.

ఇంటి ముందు ఆడవాళ్ళు నలుగురైదుగురు కూర్చుని మొక్కజొన్న కంకులు వలుస్తున్నారు. వాళ్ళమ్మ బుల్లమ్మ లేచి ముక్కాలిపీట వేసి, "కూకోండమ్మా. బడి నుంచి వచ్చినారా? మా పిల్లని మళ్ళీ పిలవడానికేనా?" అంది. ఆమె ముఖం చూసి కాదని చెప్పలేకపోయాను. మంచినీళ్ళు అడిగాను.

సుహాసిని లోపలి నుంచి వచ్చింది. ఇంకా చిన్నపిల్ల, మహతీ. నేను ఉత్తరం రాసేటప్పుడు ఎవరినో పెద్దమనిషిని ఊహించుకుని రాశాను. మహతి మేనత్తని అన్నాను. "మీరేనా" అని, అరుగు మీద నా కుడి పక్కన కూర్చుంది. పొరపాటు నాదేనని, తొందరపడ్డానని చెప్పాను. పొద్దున రైల్లో వస్తూ సరిచేసుకున్న మాటలే, నోట్లోంచి వచ్చేసరికి చాలా బోలుగా ఉన్నాయి.

ఆమె అంది, "మీరు రాసినదాంట్లో తప్పేటీ లేదండి. అదే నా బాధ. ఒక్క తప్పున్నా దాన్ని పట్టుకుని ఏటో ఒకటి సెప్పుకుందును."

ఆ తరువాత ఇంకో మాట అంది. అది నా చెవికి అందలేదు. ఏమన్నావమ్మా అన్నాను. మళ్ళీ అంది. మళ్ళీ వినపడలేదు. అప్పుడు గొంతు పెంచి, వాకిలంతా వినిపించేలా అనాల్సి వచ్చింది.

"అందరికీ రాసినారండి. నాకు తప్ప."

కంకులు వలిచే చేతులన్నీ ఆగిపోయాయి. బుల్లమ్మ నా వైపు చూసింది. నేను ఎవరినో, ఎందుకొచ్చానో ఆమెకు అప్పుడు తెలిసింది. సుహాసిని తల వంచుకుని గోళ్ళ సందుల్లో దుమ్ము తీసుకుంటూ కూర్చుంది. అంత గట్టిగా అనడం ఆమెకు ఇష్టం లేదు. నా చెవి ఆమె చేత అనిపించింది.

నా దగ్గర చదువుకున్నవాళ్ళు కొందరు బడులు నడుపుతున్నారు, వాళ్ళకి నీ గురించి రాస్తాను అన్నాను. నోరు జారాక తెలిసింది ఏమన్నానో. ఆమె కోప్పడలేదు. "వద్దండి. మీరింక ఎవరికీ ఏటీ రాయకండి" అంది. సరే అన్నాను.

బుల్లమ్మ నన్ను తిండి తినకుండా వెళ్ళనివ్వలేదు. నా మీద ప్రేమ ఉండి కాదు, గుమ్మంలోకి వచ్చిన మనిషిని అలా పంపడం వాళ్ళ ఇంట్లో లేదు. అన్నం, ఆనపకాయ పులుసు పెట్టింది. వడ్డించి లోపలికి వెళ్ళిపోయింది. సుహాసిని మాత్రం నీ గురించి అడిగింది. బి సెక్షన్లోనే ఉందా అంది. ఉందన్నాను. ఆ సెక్షన్ పిల్లలే బాగా ప్రశ్నలు అడుగుతారని, భయపడొద్దని నీకు చెప్పమంది. నీ మీద ఆమెకు కోపం లేదు. ఇది నేను ఊహించి చెప్పడం లేదు. అడిగితే చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు విజయనగరంలో రైలుకి చాలా టైముంది. మీ బడి స్టేషన్‌కి ఎంత దూరమో తెలుసు. ధైర్యం చాలక ప్లాట్‌ఫారం బెంచీ మీదే కూర్చున్నాను.

ప్రసూనాంబ


విజయనగరం
24 నవంబరు 2024

అత్తకి,

చించలేదు.

హెడ్డాఫీసు నుంచి కొత్త కీ వచ్చింది. 'విల్ యూ స్టాప్ టాకింగ్?' అన్నదానికి ఇంటరాగేటివ్ రాసినా ఇంపరేటివ్ రాసినా మార్కు వేయమని. అంటే సుహాసిని మిస్ మీటింగులో ఏం అడిగారో అదే. మిస్ పోయారు, మార్కు వచ్చింది. ఆ కాగితం నోటీసు బోర్డు మీద చూసి వెనక్కి తిరిగి వచ్చేశాను.

ప్రిన్సిపాల్ గారు పిలిచి, మీ అత్తగారు అనుకున్నది సాధించారు అని, "విల్ యూ షిఫ్ట్ టు ఎ సెక్షన్ టుమారో?" అన్నారు. "నో సార్" అన్నాను. నిన్ను అడగడం లేదు, వెళ్ళమంటున్నాను అన్నారు. అడిగినట్టే ఉంది సార్ అన్నాను. ధైర్యంగా అన్నానని అనుకోకు. ఆయన నాన్నకి ఫోను చేశారు. నాన్న వచ్చి ఆయన ముందు తల ఊపి, నన్ను బయటికి తీసుకెళ్ళి, "అచ్చం మా అక్కే" అన్నాడు. అది పొగడ్త కాదు. చివరికి ప్రిన్సిపాల్ గారే విసిగి వదిలేశారు, నేను బి లోనే ఉన్నాను.

పద్మకుమారికి కోపం వచ్చింది. దాని పక్క చోటు నా కోసం పట్టి ఉంచిందట. మిస్ కోసం ఉండిపోయావు, నా కోసం రాలేకపోయావు అంది. మిస్ ఎలాగూ లేరు కదా, ఎవరి కోసం ఉన్నావు అని కూడా అడిగింది. నాకు తెలియదు. కొత్త ఇంగ్లీషు మిస్ జవాబులు బోర్డు మీద రాసేస్తారు, మేం దింపుకుంటాం. ఎవరూ ఏమీ అడగరు.

నీ మీద కోపం పోలేదు. కాని నా మీద కూడా ఉంది. రాయొద్దు అని ఒక్క మాట రాస్తే పోయేది. చుట్టూ తిప్పి రాశాను. నీకు తగలాలని రాశాను, తగిలింది సుహాసిని మిస్‌కి. ఆమె ఇప్పుడు ఏం చేస్తున్నారో నీకేమైనా తెలుసా?

మహతి


పొందూరు
9 డిసెంబరు 2024

మహతీ,

తెలుసు. ఎవరికీ రాయనని మాట ఇచ్చాను గాని, ఆమెకు రాయొద్దని ఆమె అనలేదు. తెలుగులో ఒక చిన్న ఉత్తరం రాశాను. వ్యాకరణం గురించి ఒక్క ముక్క లేదు. క్షమించమని కూడా అడగలేదు, అడిగితే జవాబు చెప్పాల్సిన బరువు ఆమె మీద పడుతుంది. నీ కబురు రాశాను, మార్కు సంగతీ, నువ్వు బి లోనే ఉండిపోయిన సంగతీ. వారం దాటాక ఒక కార్డు వచ్చింది. గజపతినగరంలో ఒక చిన్న బడిలో చేరిందట. ఎవరి సాయమూ లేకుండా తనే వెళ్ళి అడిగి చేరింది. అక్కడ ఇంగ్లీషుకి ఖాళీ లేదు, సోషల్ చెబుతోంది. 'సోషలైతే ఎవరి ఇంటి నుంచీ ఉత్తరాలు రావు కదండీ' అని రాసింది. నవ్వుతూ రాసిందో, మనసు విరిగి రాసిందో నాకు తెలియదు. ఇదివరకైతే తెలిసిందనే అనుకునేదాన్ని.

నువ్వు బి లో ఉండిపోయినందుకు సంతోషించాలో, పద్మకుమారిని నొప్పించినందుకు కోప్పడాలో తెలియడం లేదు. మీ నాన్న ఇక్కడికి వచ్చి నాతో పెద్ద గొడవ పెట్టుకున్నాడు. పిల్ల చదువులోకి తల దూర్చొద్దన్నాడు. దూర్చనన్నాను. కాసేపటికి కాఫీ ఉందా అన్నాడు. కలిపి ఇచ్చాను. గ్లాసు పట్టుకుని నా ముఖం అలాగే చూశాడు, ఒంట్లో బాగాలేదా అక్కా అన్నాడు.

నీకు మార్కు తెచ్చిపెట్టాను, మిస్‌ని పోగొట్టాను, స్నేహితురాలిని దూరం చేశాను. నేనుగా ఇంక ఏమీ చేయను. నేను ఏం చేస్తే నీకు బాగుంటుంది? అడుగుతున్నాను. నీ జవాబు ఎలా ఉంటే అలాగే తీసుకుంటాను. ఏమీ చేయొద్దంటే అదీ సరే.

అత్త


విజయనగరం
15 డిసెంబరు 2024

అత్తా,

వచ్చే ఆదివారం రా. వార్డెన్ గారికి చెప్పి నీ పేరు రాయించాను. భోజనాలయ్యాక సాయంత్రం దాకా ఉండనిస్తారు. పద్మకుమారిని కూడా పిలిచాను, వస్తుందో రాదో తెలియదు.

గేటులోంచి రాగానే ఎడమవైపు ప్రిన్సిపాల్ గారి గది. అటు వెళ్ళకు. నేరుగా నా దగ్గరికి రా.

మహతి